పెళ్లి ఫోటో ఎవరి సొత్తు?

కీసరగుట్ట కథ ఉప్పల్, నాచారం వైపు వాళ్ళకి కొత్తగా చెప్పనక్కర్లేదు. శివరాత్రి జాతరకి గుట్ట ఎక్కిన ప్రతివాళ్ళూ ఎవరో ఒకరి నోట వినే ఉంటారు. రావణుణ్ణి చంపిన పాపం పోగొట్టుకోవడానికి రాముడు అక్కడ శివలింగాన్ని ప్రతిష్ఠించాలనుకున్నాడట. కాశీ వెళ్ళి లింగం తెమ్మని హనుమంతుణ్ణి పంపాడట. ఆయన వెళ్ళాడు. అక్కడ ఏది బాగుంటుందో తేల్చుకోలేక నూటొక్క లింగాలు పట్టుకుని బయల్దేరాడు. ఈలోగా ముహూర్తం ముంచుకొచ్చింది. శివుడే ప్రత్యక్షమై లింగం ఇస్తే ప్రతిష్ఠ కాస్తా జరిగిపోయింది. తీరా వచ్చిన హనుమంతుడికి ఉక్రోషం వచ్చి, తెచ్చినవన్నీ గుట్ట చుట్టూ విసిరేశాడు. ఇవాళ్టికీ అక్కడ ఎటు చూసినా లింగాలే. రాముడు ఆయన్ని బుజ్జగించి, ఇక్కడ తొలిపూజ నీకే అన్నాడనీ, కేసరి కొడుకు పేరుమీద కేసరిగిరి అయినదే పోనుపోను కీసర అయిందనీ చెబుతారు.

ఈ కథ విన్నప్పుడల్లా నాకు పెళ్లి ఫోటోగ్రాఫర్లు గుర్తొస్తారు. నవ్వకండి. అడిగింది ఒకటి, తెచ్చింది నూటొకటి, అదీ ముహూర్తం దాటాక! పెళ్లయి ఆరు నెలలైనా ఆల్బమ్ రాదు. ఈలోపల పెన్‌డ్రైవ్‌లో నాలుగు వేల ఫోటోలు మాత్రం వచ్చి పడతాయి. వాటిలో అమ్మాయి అత్తగారి చీర అంచు నలభై చోట్ల ఉంటుంది, అమ్మమ్మ ఒక్కచోటా ఉండదు. అప్పుడు మనం ఆ ఫోటోగ్రాఫర్‌ని నాలుగు తిట్టి ఊరుకుంటాం.

కానీ ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఎలాంటి లింగం కావాలో రాముడు చెప్పి పంపినట్టు నేను విన్న కథలో లేదు. మనమూ అంతే. మేళగాళ్ళతో ఏ పాటలు వాయించాలో చెబుతాం, వంటవాళ్ళతో పులిహోరలో పల్లీలు వెయ్యాలా జీడిపప్పు వెయ్యాలా అని గంటసేపు మాట్లాడతాం. ఫోటోగ్రాఫర్‌తో మాత్రం "ఎంత తీసుకుంటావు, ఎన్ని ఆల్బములిస్తావు" అన్న రెండు ముక్కలతో సరిపెడతాం.

నాచారంలో మాకు తెలిసిన ఫోటోగ్రాఫర్ ఒకాయన ఉన్నాడు. పెళ్లి ఒప్పుకునే ముందు ఒక నోటుపుస్తకం తీస్తాడు. ముహూర్తం పగలా, రాత్రా? పెళ్లి హాలు లోపలా, బయట షామియానా కిందా? జీలకర్ర-బెల్లం వేళ అడ్డుతెర ఎటునుంచి పడతారు, పంతులుగారు ఏ పక్కన కూర్చుంటారు? ఇవన్నీ రాసుకుంటాడు. తెర దించే క్షణం ఒక్కటే, "పంతులుగారూ, మళ్ళీ ఒకసారి" అనడానికి వీల్లేదు. అందుకని ఒక కెమెరా మొరాయిస్తే ఇంకొకటి ఉండాలి, ముందురోజే హాలుకి వెళ్ళి వెలుతురు చూసుకోవాలి, పెళ్లి అయ్యాక ఇంటికెళ్ళి కన్ను మూయకముందే తీసినదంతా రెండు చోట్ల దాచిపెట్టాలి. ఇదంతా పనితనం. డబ్బిచ్చి కొనుక్కోవచ్చు.

ఆఖర్న ఆయన ఇంకో రెండు ప్రశ్నలు అడుగుతాడు. అవి ఇంటాయన్ని కాదు, ఇంటావిడని అడుగుతాడు.

"అమ్మా, ఫోటోల తప్పకుండ ఉండాల్సినోళ్ళు ఎవరెవరు? ఫోటో వద్దనేటోళ్ళు ఎవరన్న ఉన్నరా?"

ఇంటాయన పక్కనుంచి "అందరూ ఉండాలయ్యా, అదేం ప్రశ్న!" అంటాడట ప్రతి ఇంట్లోనూ. అందరూ ఉండాలంటే ఎవరి గురించీ ప్రత్యేకంగా పట్టించుకోనక్కర్లేదని అర్థం. ఇంటావిడ మాత్రం ఒక్క నిమిషం ఆలోచించి, "మా పెద్ద మేనత్త ఒకావిడ ఉంది బాబూ, పిలిస్తే గానీ ముందుకి రాదు," అంటుంది. ఆ ఒక్క మాటకోసమే ఆయన అంతసేపు కూర్చుంటాడు. ఆల్బమ్ ఎందుకు ఆలస్యమవుతుందని అడిగితే మాత్రం నవ్వేస్తాడు. "మా దగ్గర ఆగదమ్మా, మీ ఇండ్లల్ల ఆగుతది. వంద ఫోటోలు ఏరి ఇయ్యమంటే వియ్యాలోళ్ళు ఒకటంటరు, మీరొకటంటరు, ఆర్నెల్లు పాయె!"

మీ ఇంట్లో ఉన్న పెళ్లి ఆల్బమ్ ఒకసారి తీసి చూడండి. పెళ్లికూతురి తల్లి ఎన్ని ఫోటోల్లో ఉందో లెక్కపెట్టండి. కాళ్ళు కడిగేటప్పుడు చెంబుతో ఉంటుంది. ఆఖర్న అందరూ నిలబడ్డ గుంపులో ఉంటుంది. మిగిలిన పెళ్లంతా ఆవిడ నడుముకి తాళంచెవుల గుత్తి దోపుకుని సామాను గదికీ వంటశాలకీ మధ్య తిరుగుతూ ఉంటుంది. కెమెరా ఏమో మండపం వైపు చూస్తూ ఉంటుంది. ఇక భర్త పోయిన మేనత్త గది గుమ్మం దగ్గరే నిలబడి అక్షింతలు వేస్తుంది. ఆవిడని ఎవరూ రావద్దనరు, రమ్మనీ అనరు. ముప్ఫయ్యేళ్ళ తరవాత ఆల్బమ్ చూసిన మనవరాలు, ఆవిడ ఆ పెళ్లికి రాలేదేమో అనుకుంటుంది.

ఇందులో ఫోటోగ్రాఫర్ తప్పేం లేదు. అతనికి ఎవరు ఎవరో తెలియదు. ఎవరు డబ్బిచ్చారో వాళ్ళు ఎటు చూపిస్తే అటు తీస్తాడు. చిక్కంతా ఇక్కడే ఉంది. డబ్బిచ్చేవారు ఒకరు, ఫోటోలో పడేవారు మరొకరు. అతను ఎవరికి జవాబు చెప్పాలి?

చట్టాన్ని అడిగితే తడుముకోకుండా చెబుతుంది. మన 1957 కాపీరైటు చట్టం ప్రకారం, ఒకరు డబ్బిచ్చి కోరి తీయించుకున్న ఫోటో మీద హక్కు, వేరే ఒప్పందమేదీ లేకపోతే, ఆ తీయించుకున్నవారిదే. తీసినవాడిది కూడా కాదు. ఆ లెక్కన కట్నకానుకలతో పాటు ఫోటోల ఖర్చు కూడా ఆడపెళ్లివారు భరిస్తే ఆ నాలుగు వేల ఫోటోలూ పెళ్లికూతురి తండ్రివి. మరి ఫోటోలో ఉన్న పెళ్లికూతురు? ఆవిడ ముఖం? ఆ లెక్కలో ముఖానికి వాటా లేదు. ఆ సంగతి చూసుకోవలసింది మనమే.

ఇది ఇప్పుడు పుట్టిన ప్రశ్న అనుకోకండి. మన హైదరాబాదులోనే నూట ముప్ఫయ్యేళ్ళ కిందట దీన్ని ఒకాయన ఎదుర్కొన్నాడు. ఆయనే రాజా దీనదయాళ్. 1844లో మీరట్ దగ్గర సర్ధానాలో పుట్టాడు. రూర్కీ ఇంజనీరింగు కాలేజీలో చదివి, ఇండోరులో పబ్లిక్ వర్క్స్ శాఖలో ఎస్టిమేటరుగా, డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేశాడు. అంటే పని మొదలెట్టకముందే ఎంత అవుతుంది, ఏమేం కావాలి అని లెక్క కట్టడం ఆయన తొలి ఉద్యోగం. ఆ అలవాటుతోనే కాబోలు, ఫోటోగ్రఫీలోకి దిగాక మహారాజులూ, వైస్రాయిలూ ఆయన్ని వెతుక్కుంటూ వచ్చారు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆయన్ని ఆస్థాన ఫోటోగ్రాఫర్‌గా పెట్టుకుని, 1894లో ముసవ్విర్ జంగ్ అన్న బిరుదిచ్చాడు. సికిందరాబాదులో పెద్ద స్టూడియో ఉండేది. సినిమాలు రాకముందే హైదరాబాదు ముఖాన్ని లోకానికి చూపించినవాడు ఆయన.

ఆ రోజుల్లో గొప్పింటి ఆడవాళ్ళు పరదా చాటున ఉండేవారు. వాళ్ళకీ ఫోటో దిగాలని ఉండేది. దిగితే పరాయి మగవాడి ముందు ముఖం చూపించాలి. మామూలు వ్యాపారస్థుడైతే, "మీ వారు ఒప్పుకుంటే నాకేం అభ్యంతరం?" అని ఊరుకునేవాడు. దీనదయాళ్ 1892లో హైదరాబాదులో ఆడవాళ్ళకోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచాడు. చుట్టూ ఎత్తైన గోడలు. లోపల పనిచేసేదంతా ఆడవాళ్ళే. నడిపింది కెన్నీ-లెవిక్ అనే ఆంగ్ల వనిత.

డబ్బు ఇచ్చేది ఏ నవాబుగారో అయి ఉండొచ్చు. గోడ కట్టింది మాత్రం నవాబుగారి కోసం కాదు, లోపల కూర్చోబోయే ఆవిడ కోసం. అందులో వ్యాపారం ఉంది, కాదనను. గోడ కట్టకపోతే ఆ బేరమే లేదు. అయినా ఫోటోలో ఉండబోయే మనిషికి ఏది కష్టమో ముందుగా ఆలోచించి, దానికి తగ్గట్టు ఇటుక మీద ఇటుక పేర్చడం చిన్న సంగతి కాదు. మా నాచారం ఆయన నోటుపుస్తకంలో ఉన్న రెండో ప్రశ్న కూడా ఆ జాతిదే.

అలాగని దీనదయాళ్ చేసిందంతా ఇంత తేలిగ్గా మెచ్చుకోగలిగింది కాదు. పందొమ్మిదో శతాబ్దం చివర నిజాం సర్కారు చేయించిన కరువు సహాయ పనుల్ని కూడా ఆయన స్టూడియో ఫోటోలు తీసింది. అక్కడ తీయించుకున్నది సర్కారు. తాము చేసిన మంచి పని నలుగురికీ కనపడాలని దాని కోరిక. ఫోటోలో పడ్డవాళ్ళు ఆకలితో వచ్చినవాళ్ళు. "అమ్మా, నీ ఫోటో తీయనా?" అని వాళ్ళని అడిగే గోడలూ లేవు, వనితలూ లేరు. ఒకే స్టూడియో, రెండు న్యాయాలు. సిగ్గుపడే హక్కు జనానాకి దొరికింది, కరువు పనుల దగ్గర దొరకలేదు. తల వంచుకుని చూసుకోవలసిన సంగతే అది. ఎందుకంటే మన పెళ్లిళ్ళలోనూ పెళ్లికూతురి పమిట సర్దడానికి నలుగురు పరిగెత్తుతారు. ఎంగిలి ఆకులు తీసే మనిషిని "కాస్త పక్కకి జరుగు, ఫోటోలో పడుతున్నావు" అంటారు.

ఇంతవరకూ వచ్చాక మీరొక మాట అడగవచ్చు. "అయితే ఎనిమిది వందలమంది వచ్చిన పెళ్లిలో ప్రతి మనిషినీ అనుమతి అడిగి తీయాలంటారా?" అలా అయితే తెల్లవారిపోతుంది. పైగా అడిగి తీసిన ఫోటోలన్నీ ఒకేలా ఉంటాయి, చేతులు కట్టుకుని, నోరు బిగించుకుని. బాగున్న ఫోటోలన్నీ అడక్కుండా తీసినవే. అప్పగింతలప్పుడు తండ్రి పక్కకి తిరిగి కండువాతో కళ్ళు తుడుచుకుంటాడు. "తీయమంటారా?" అని అడిగితే ఏ తండ్రయినా వద్దంటాడు. కానీ పాతికేళ్ళ తరవాత, ఆ తండ్రి లేనప్పుడు, ఆ కూతురికి నాలుగు వేల ఫోటోల్లోనూ కావలసింది ఆ ఒక్కటే.

ఈ చిక్కు గురించి నేను చాలా ఆలోచించాను. తీయడం వేరు, ఇవ్వడం వేరు, చూపించడం వేరు. ఈ మూడింటినీ ఒకే ముద్దగా కలిపేయడంవల్లే గొడవంతా. తీయడం కనురెప్పపాటులో జరిగిపోయేది, అక్కడ అడిగే తీరిక ఉండదు. ఇవ్వడం, చూపించడం మాత్రం తీరిగ్గా చేసే పనులు. అక్కడ అడగకపోతే క్షమించడానికి కారణం దొరకదు. ఆ తండ్రి ఫోటో తీయనివ్వండి. దాన్ని కూతురి చేతికివ్వనివ్వండి. మర్నాడు రిసెప్షన్లో హాలంతా కనపడేలా తెర మీద వేస్తే, స్టూడియోవాళ్ళు తమ పనితనం చూడమని ఫోన్లలో ఊరందరికీ పంచితే, ఆ కన్నీళ్ళు సరుకైపోతాయి. అది ఆయన తన కూతురికిచ్చిన కన్నీరు. మనం దాన్ని బజార్లో పెట్టాం.

దీనదయాళ్ గోడలు కూడా ఫోటో తీసేంతవరకే కాపాడగలవు. కాగితం మీదకి ఎక్కాక ఆ ముఖం ఏ చేతిలోంచి ఏ చేతిలోకి వెళుతుందో ఏ గోడా చూడలేదు. అప్పుడు కాగితం గనక ఎన్ని చేతులు మారినా ఊళ్ళోనే ఉండేది. ఇప్పుడు ఉప్పల్ రింగురోడ్డులో వెలిగిన ఫోను మీది ఫోటో మన ఆటో హబ్సిగూడా చేరేలోపల అమెరికాలో పిన్ని కూతురి ఫోనులో ఉంటుంది. ఈమధ్య స్టూడియోలవాళ్ళు తమ పని చూపించుకోవడానికి పెళ్లికూతుళ్ళ ఫోటోలు బయటపెట్టడం మామూలైపోయింది. చాలామంది అమ్మాయిలు సంతోషిస్తారు కూడా. సంతోషించేవాళ్ళ సంగతి సరే. ఆ తరవాత ఆ పెళ్లి నిలవకపోతే? అమ్మాయి పుట్టింటికి వచ్చేసి, తన బతుకు తను చూసుకుంటూ ఉంటే? స్టూడియోవాడికి అది ఇంకా మంచి ఫోటోయే. వెలుతురు బాగుంది, నగలు బాగా పడ్డాయి. ఆ అమ్మాయికి మాత్రం అది దారిన పోతుంటే ఎదురొచ్చే పాత గాయం. డబ్బిచ్చినవారు ఫోటోగ్రాఫర్ పనిని కొనుక్కున్నారు. ఆ అమ్మాయి ముఖాన్ని ఎవరూ ఎవరికీ అమ్మలేదు.

"పాపం, ఫోటోగ్రాఫర్ బీదవాడు, ఇన్ని ధర్మసూక్ష్మాలు అతని నెత్తిన పెడితే ఎలా?" అంటారేమో. నిజమే. సీజన్‌లో నాలుగు పెళ్లిళ్ళు పట్టుకుని, మిగతా ఏడాది కెమెరా అప్పు తీర్చుకునే మనిషి అతను. తెల్లవారుజామున మూడింటి ముహూర్తానికి కాలుమీద నిలబడి ఉంటే, "భోంచేశావా బాబూ?" అని అడిగే దిక్కుండదు. మిగిలిన డబ్బుకోసం మూడుసార్లు తిప్పించుకునేవాళ్ళు కూడా మనలోనే ఉన్నారు. ధర్మం అతని ఒక్కడి బాధ్యత అనడం అన్యాయం. నోటుపుస్తకం అతనిదే అయినా అందులో రాయించవలసింది మనం. రాయించడానికి పైసా ఖర్చు లేదు.

ఈ లెక్కలో ఇంకొకరు కూడా ఉన్నారు. డబ్బిచ్చినవారూ కాదు, ఫోటోలో పడ్డవారూ కాదు. ఇంకా పుట్టనివారు. దీనదయాళ్ 1905లో పోయాడు. ఆయనకి డబ్బిచ్చిన నిజాంలు పోయారు. గోడల మధ్య ముఖం చూపించిన బేగములు పోయారు. కరువు పనుల దగ్గర నిలబడ్డవాళ్ళు అందరికన్నా ముందే పోయి ఉంటారు. గాజు పలకలు మాత్రం మిగిలాయి. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం ఆయన స్టూడియో తాలూకు 2,857 గాజు నెగెటివులు సేకరించి భద్రపరిచింది. 2006లో ఆయన పేరుమీద తపాలా బిళ్ళ కూడా వచ్చింది. ఇప్పుడు ఆ ఫోటోలు చూసేది మనం. ఆయన ఒప్పందంలో మన పేరు ఎక్కడా లేదు. అయినా ఆ పని చివరికి వచ్చి చేరింది మన దగ్గరికే.

ఇంకో విచిత్రం చూడండి. ఆ కరువు పనుల దగ్గర ఉన్నవాళ్ళని అడక్కుండా తీయడం నాకు ముల్లులా గుచ్చుకుంటూనే ఉంటుంది. అయినా తీయకపోయి ఉంటే వాళ్ళు ఉన్నారన్న గుర్తు కూడా మిగిలేది కాదు. మేనత్త కూడా అంతే. బలవంతంగా లాక్కొచ్చి నిలబెడితే ఆవిడకి బాధ. అసలు పట్టించుకోకపోతే ఆవిడ ఉన్నదన్న సంగతే తరవాతి తరానికి తెలియదు. ఈ రెండింటి మధ్యా దారి ఒకటే: దగ్గరికి వెళ్ళి, చేయి పట్టుకుని, "అత్తా, నీతో ఒక ఫోటో దిగుదాం, రా" అనడం. వద్దంటే ఊరుకోవడం. ఆ మాట ఫోటోగ్రాఫర్ అనలేడు. ఇంటి ఆడవాళ్ళే అనగలరు.

కాబట్టి ఇంట్లో పెళ్లి కుదిరినప్పుడు మగవాళ్ళు ఫోటోగ్రాఫర్‌తో బేరం ఆడుతూ ఉంటే మీరూ వెళ్ళి కూర్చోండి. వాళ్ళు ఆల్బములెన్ని, డ్రోన్ ఉందా అని అడగనివ్వండి. మీరు మాత్రం ఒక కాగితం మీద నాలుగు సంగతులు రాయించండి. తప్పకుండా ఉండవలసినవారి పేర్లు, వాళ్ళని చూపించడానికి మన మనిషి ఒకరు. ఫోటో వద్దనేవారి పేర్లు. అమ్మాయినీ అబ్బాయినీ అడక్కుండా ఒక్క ఫోటో కూడా బయట పెట్టనన్న మాట. మనం వంద ఫోటోలు ఏరి ఇవ్వడానికి ఒక గడువు, ఆయన ఆల్బమ్ ఇవ్వడానికి ఒక గడువు. ఆ తరవాత ఆయనకి ఇవ్వవలసిన మిగతా డబ్బు గడువు తప్పకుండా ఇచ్చేయండి.

కీసరగుట్ట మీద ఆలస్యంగా వచ్చిన హనుమంతుణ్ణి రాముడు కోప్పడకుండా తొలిపూజ నీకే అన్నాడు. మనం అంత చెయ్యనక్కర్లేదు. పెళ్లిలో ఆ కుర్రాడికి మొదటి పంక్తిలో ఒక విస్తరి వేయిస్తే చాలు. అన్నం పెట్టిన ఇల్లాలు ఎవరో అతనికి గుర్తుంటుంది, ఒక్క ఫోటోలోనైనా ఆవిడ కూడా పడుతుంది.